వంకాయ మీద పడ్డ నింద

"పన్ను పీకమంటే పటకారు ఉడకేస్తన్నారేంది డాక్టరుగారూ? ఉప్పేసినారా?"

ఆదిశేషమ్మ నాతో అన్న మొదటి మాట అది. పందొమ్మిది వందల అరవై రెండులో, కోట అనే ఊళ్ళో నేను పళ్ళ ఆసుపత్రి తెరిచిన రెండో నెల. పక్కన బల్ల మీద వాళ్ళ నాయన జయరామయ్య దవడ పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఇరవై నిమిషాలు మరగాలండీ. లేకపోతే క్రిములు చావవు," అన్నాను, కాలేజీ గొంతుతో.

"అవి చచ్చేలోగా మా నాయన పోయేట్టుండాడు."

నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ సొట్ట పడింది. పళ్ళ డాక్టరన్నవాడు పళ్ళు చూడాలి గానీ, నేను సొట్ట చూశాను. పౌరుషం పొడుచుకొచ్చి అయిదో నిమిషంలోనే పటకారు బయటికి తీశాను. ఒక్క పట్టుకే పన్ను ఊడింది.

"చెయ్యి మంచిదే," అంది. రెండు రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మూడో రోజుకి జయరామయ్య దవడ బూరెలా వాచింది. ఒళ్ళు కాలిపోతోంది, నోరు తెరుచుకోవడం లేదు. సైకిలు మీద వాళ్ళ ఊరు వెళ్ళి రోజూ పెన్సిలిన్ ఇచ్చాను. సూదిని మాత్రం గడియారం చూసి మరీ ఉడికించాను.

"ఇదంతా నా వల్లే," అంది ఆదిశేషమ్మ మొదటి రోజే, వాకిట్లో నిలబడి. "పన్ను పీకిన పూటే వంకాయ కూర పెట్టినా. నోరు చప్పగా ఉందంటే పెట్టినా. వంకాయ తింటే చీము పడతాదని తెలీదా అని మా మేనత్త తిడతా ఉంది."

వంకాయ ఏ పాపమూ ఎరగదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

"అయ్యుండొచ్చు," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పదిహేను రోజులు. వాన పట్టుకుంటే వాళ్ళ వసారాలోనే ఆగిపోయేవాణ్ణి. "సూదికి తాలింపు కూడా పెడతారా?" అని ఆటపట్టించేది. అంతలోనే నాయన వైపు చూసి నవ్వు ఆపేసేది. తల్లి లేని ఇల్లు, వంటంతా తనే చేసేది. అయినా వంట మేనత్తకి వదిలేసింది. తన చేతి తిండి నాయనకి పడదని.

వాపు తీసిపోయిన నాడు జయరామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా ప్రాణం నిలబెట్టినావు అబ్బయా. మా పిల్లను చేసుకుంటావా?"

తలుపు వెనక గాజులు కదిలాయి. ఇక దాచలేకపోయాను.

"పటకారు సరిగ్గా ఉడకనివ్వలేదండీ. తప్పు నాది. వంకాయది కాదు."

ఆదిశేషమ్మ బయటికొచ్చింది.

"తొందరపెట్టింది నేనే. దానికి మిమ్మల్ని ఏమీ అనను. పదిహేను రోజులు నా చేత్తో నాయనకి గంజి కూడా పొయ్యలేదు. రోజూ వచ్చి చూస్తానే ఉండారు గదా?"

"చెబితే నాతో మాట్లాడవనుకున్నాను."

"ఇప్పుడు మాట్లాడతన్నా గదా," అని లోపలికి పోయింది.

ఆ మాఘంలో ఆమెకి కావలి ఊళ్ళో సంబంధం కుదిరింది. శుభలేఖ తెచ్చింది జయరామయ్యే.

"ఆ తప్పు నేనెప్పుడో మరిచినా అబ్బయా. నిన్ను చేసుకుంటావా అని పిల్లనే రెండుసార్లు అడిగినా. 'మొదటి రోజే చెప్పుంటే ఆ పూటే ఒప్పుకునేదాన్ని నాయనా' అనింది."

శుభలేఖ పుచ్చుకుని ఆయనకి కుర్చీ చూపించాను.