తోక లేని మేక

ఆదివారం పొద్దున్నే తుమ్మపాల రోడ్డులో సత్యరాజు మటన్ షాపు చూసినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. కొక్కేనికి వేలాడే మేక లేదు, ఒక్క ఈగ లేదు. కొత్త అద్దాల బీరువాలో ట్రేల నిండా మాంసం ముక్కలు! వెనకాల సత్యరాజు కూతురు సుజి, తెల్ల ఏప్రన్ కట్టుకుని.

డిగ్రీ చదివిన సుజి షాపు తనే నడుపుతానని పట్టుబట్టింది. "ఈ ఒక్క ఆదివారం సూత్తాను. మాంసం మిగిలిందంటే వైజాగ్‌లో మీ పిన్ని సెప్పిన ఉద్యోగంలో సేరాలి. మళ్ళీ షాపు మాటెత్తకూడదు" అన్నాడు తండ్రి.

చర్చి గంట మోగింది. వచ్చినవాళ్ళు అద్దంలోకి తొంగిచూసి, భేషంటూ మెచ్చుకుని, తిన్నగా పక్క షాపుకి పోతున్నారు. సుజికి ఏడుపు కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఇంత బాగుందంటూ ఎందుకు కొనరబ్బా? ఉండబట్టలేక, వెనుదిరిగిన పక్కవీధి పైడితల్లి వెంట పరుగెత్తింది.

"అత్తా, లోపం ఏటో సెప్పు!"

"నానెప్పుడైనా మీ షాపుకొచ్చేనా? ఇయ్యాల ఈ అద్దం సూసే వచ్చేనమ్మా. మరి తోకేదీ? మేకో గొర్రో తెలీకుండా అట్టుకెల్తే మా ఆయన నన్నే తిడతాడు."

సుజి నాలుక్కరుచుకుంది. ఆ వెంట్రుకలు అసహ్యంగా ఉంటాయని తోక కోసి పారేసింది తనే.

గుమ్మంలో నిలబడ్డ సత్యరాజు అంతా విన్నాడు. "ఎవర్నడిగి కోసేవే? మా అయ్య కాలం నుంచీ తోకతోనే అమ్ముతన్నాం!"

"తప్పే నాన్నా, కొనేవోళ్ళని అడగలేదు. నువ్వడిగేవా? ఆడోళ్ళు మన షాపుకి ఎందుకు రారో?" అంది సుజి.

షాపు వెనక ఇంట్లోంచి తల్లి దీవెనమ్మ గొంతు వినిపించింది. "అందరిదాకా ఎందుకు? పెళ్ళైన కాడ్నించీ నాను ఆ షాపు గుమ్మం తొక్కలేదు. ఆ రక్తం సూడలేను. ఎందుకు రావని ఒక్కనాడడిగేవా నన్ను?"

సత్యరాజు కోపమంతా దిగిపోయింది. భార్యకి షాపంటే చిన్నతనమని ఇన్నేళ్ళూ మనసులో కుమిలిన మనిషి! కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి నడిచాడు.

వెంట వెళ్ళిన సుజి అక్కడి చెత్త బకెట్లోంచి తోక తీయబోయింది. "తెగిన తోకని ఎవడు నమ్ముతాడే పిచ్చిదానా" అని నవ్వాడు. పెరట్లో కట్టేసి ఉన్న రెండో మేకపోతుని కోసి ఒలిచి, తోక తియ్యకుండా తెచ్చి అద్దాల బీరువాలో తనే వేలాడదీశాడు.

చర్చిలో ఆరాధన ముగిసేసరికి పైడితల్లి మరో ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకొచ్చింది. తోక చూసి తృప్తిగా తలూపింది. "సత్యరాజన్నా, కిలో కొట్టు."

సత్యరాజు పక్కకి తప్పుకున్నాడు. "నన్నడక్కమ్మా. షాపు మా అమ్మాయిది."

సుజికి కన్నీళ్ళు ఆగలేదు. కత్తి అందుకుంటూ వెనక్కి చూసింది. దీవెనమ్మ గుమ్మం దాటి షాపులోకి వచ్చి నిలబడింది.