మొగలి లంక కేక

జూన్ మొదటి వానలో, ఒక అమ్మాయి తనకంటే పొడుగున్న కట్టెను మోసుకుంటూ అబిడ్స్‌లోని మా గ్యాలరీ మెట్లెక్కింది. ఆ కట్టె కాస్తా మెట్ల మలుపులో ఇరుక్కుంది. కింద ఆమె, పైన నేను.

"జర ఆ కట్టెను గాడనే పెట్టి రాండ్రి మేడం. గోడకు మొన్ననే సున్నం ఏసినం," అన్నాను.

"కట్టె కాదండీ, తెడ్డు. మా నాన్నది. గోడకు మళ్లీ సున్నం వేసుకోవచ్చు. ఇది విరిగితే ఇంకోటి లేదండీ."

ఎంత మర్యాదగా తిట్టిందో! ప్రతి మాటకీ 'అండీ' తగిలిస్తే ఎదుటివాడు తిరిగి ఏమంటాడు? ఇద్దరం పావుగంట తంటాలు పడి దాన్ని పైకి తెచ్చాం. గోడ మీద గీత పడనే పడింది. ఆ గీతకు నేను ఇవాళ్టికీ సున్నం వేయలేదు.

నా పేరు అంజన్. మాది సిద్దిపేట దగ్గర పల్లె. మా బాపు బీరయ్యకు గొర్లే లోకం. నేను ఈ గ్యాలరీలో బొమ్మలు తగిలిస్తాను, వాటి కింద కార్డులు రాస్తాను, ఎవరూ రానప్పుడు ఫ్యాన్ చప్పుడు వింటాను. మూడో పనే ఎక్కువ. సాయంత్రం నాంపల్లిలో నా కిరాయి గదికి పోతే, పొద్దున నేను వదిలేసిన టీ గ్లాసు వదిలేసిన చోటే ఉంటుంది. నాలుగేళ్లయింది ఈ నగరానికి వచ్చి. నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆగ్నెస్ మేడం ఒక్కరే.

ఆమెదే ఈ గ్యాలరీ. డ్రాయింగ్ టీచర్‌గా రిటైరై, రెండు గదులు తీసుకుని నడుపుతున్నారు. ఈసారి గోదావరి లంకల మీద ప్రదర్శన పెడదామన్నారు. నది పాయల మధ్య ఉండే దీవులే లంకలు. ఒక్కో వరదకు ఒక్కో ముక్క కోసుకుపోతుంది. తెడ్డు తెచ్చిన అమ్మాయి పేరు జిప్పోరా. వాళ్ల మొగలి లంకలో చివరి ఇళ్లు రెండేళ్ల కిందట నీళ్లలో కలిసిపోయాయి. అంతకు ముందే ఆమె నాన్న హెర్బర్ట్ పోయాడు. ఆయన రేవు పడవ నడిపేవాడట. తల్లికి ప్రభుత్వం ఒడ్డు మీది కాలనీలో ఇల్లిచ్చింది. జిప్పోరా బషీర్‌బాగ్‌లో ఏదో ఆఫీసులో పని చేస్తూ, నాంపల్లి హాస్టల్లో ఉంటోంది.

చెల్లాచెదురైన లంక జనం దగ్గరికి తిరిగి వలలు, తాటాకు గొడుగులు, పాత ఫొటోలు పోగు చేసింది ఆమే. రోజూ ఆఫీసయ్యాక వచ్చేది. ఆమె చెప్పేది, నేను కార్డు రాసేవాణ్ణి.

"కేక గురించి కూడా రాయండి అంజన్ గారూ."

"కేకేంది?"

"రేవులో నిలబడి పడవ కోసం వేసే కేకండీ. ఇంటికొక కేక ఉంటుంది. మాది రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అది వినబడితే ఎవరైనా సరే బదులివ్వాలి. పడవ నడిపేవాడే ఇవ్వాలని లేదు. మాటల్లేని పగవాడైనా ఇవ్వాల్సిందే. 'వస్తన్నా, నిలబడూ' అనాలి."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోవడం అంటూ లేదండీ." మళ్లీ తనే అంది, "ఒకసారి హుస్సేన్‌సాగర్ దగ్గర నిలబడి కేకేశాను. ఎవరో ఒకరు పలుకుతారేమోనని. సెక్యూరిటీ గార్డు వచ్చి, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అన్నాడు."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఈ అమ్మాయీ నాలాగే ఉందే అనిపించింది. అప్పుడే ఆమె అంటే ఇష్టం కలిగింది.

"మీరు బదులివ్వండి, చూద్దాం," అంది.

నాకు తెలిసిన కూత ఒక్కటే. గొర్ల వెనక తిరుగుతూ నేర్చింది. గొంతెత్తి "వస్తన్నా" అన్నాను. ఆమె కడుపు పట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"మీరు పిలుస్తుంటే మనుషులు రారండీ, మంద వస్తుంది!"

బయట వాన, లోపల ఆ నవ్వు. ఆ రోజు గ్యాలరీకి తాళం వేయబుద్ధి కాలేదు.

ప్రదర్శన మొదలైన శనివారం నలభై మందిదాకా వచ్చారు. మా గ్యాలరీకి అది తిరునాళ్లే. నన్నూ ఇస్త్రీ చొక్కా వేసుకోమన్నారు. అందరి మాటలూ అయ్యాక జిప్పోరా తెడ్డు పక్కన నిలబడి కేక వేసింది.

రెండు పొట్టివి, ఒకటి పొడుగు. గది గదంతా నిశ్శబ్దం. ఆమె ఆగింది. ఎదురు చూసింది. చూపు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి నా మీద నిలిచింది.

బదులు నా గొంతుదాకా వచ్చింది. కానీ చేతిలో మైకు ఉంది, ముందు వరసలో పెద్దవాళ్లున్నారు, నా కూత గొర్ల కూత. మింగేశాను.

అంతలో చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో "సూపర్!" అన్నారు. ఇంకెవరో, "ఇంకోసారి మేడం, వీడియో రాలేదు," అన్నారు.

అందరూ వెళ్లాక ఆమె నా దగ్గరికి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఆ కేక కార్డు మీరే రాశారు కదండీ?"

"అంటే... ప్రోగ్రామ్ గదా అనుకున్న."

"ప్రోగ్రామ్," అంది మెల్లగా. బ్యాగు తీసుకుని మెట్లు దిగింది. నా నోట్లోంచి అంతకంటే చెత్త మాట ఎప్పుడూ రాలేదు.

తర్వాత ఆమె రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ప్రదర్శన మాత్రం బాగానే నడిచింది. బడిపిల్లలు వచ్చి తాటాకు గొడుగు కింద ఫొటోలు దిగారు. తెడ్డు కింద ఒక బటన్ పెట్టాం. నొక్కితే జిప్పోరా ముందే రికార్డు చేసిచ్చిన కేక వినబడుతుంది. ఎవరూ లేనప్పుడు నేనే నొక్కుకునేవాణ్ణి. అది అయిపోయాక ఫ్యాన్ చప్పుడు ఇంకా పెద్దగా వినిపించేది.

తొమ్మిదో రోజు సాయంత్రం, కూరగాయల సంచీతో ఒక పెద్దామె వచ్చింది. పేరు వీరమ్మ, ఖైరతాబాద్‌లో ఎవరింట్లోనో వంట చేస్తుందట. చదువురాదని అంటే నేనే అన్నీ చూపించి, బటన్ నొక్కాను.

కేక పూర్తవుతూనే ఆమె సంచీ కింద పెట్టింది. "వస్తన్నా! నిలబడూ!" అని అరిచింది. అక్కడున్న ఇద్దరు కాలేజీ పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"హెర్బర్టు ఇంటి కేక కదా బాబూ ఇది?" అంది కళ్లు తుడుచుకుంటూ. "మాది అవతలి ఒడ్డు. ఎన్నిసార్లు దాటించాడో మమ్మల్ని."

"అందరి ముంగట గట్ల అరిచిన్రు, సిగ్గు కాలేదా అమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "కేక వినబడ్డాక సిగ్గేంటి బాబూ? అవతల మనిషి నిలబడి ఉంటది కదా."

తొమ్మిది రోజులుగా అవతల ఒక మనిషి నిలబడే ఉంది.

"మేడం, జిప్పోరా గారి హాస్టల్ ఏడ?" అని ఆగ్నెస్ మేడాన్ని అడిగాను.

ఆమె కళ్లద్దాలు తీశారు. "ఇప్పుడు హాస్టల్లో ఉండదు అంజన్. నాంపల్లిలో సాయంత్రం బండికి ఊరెళ్లిపోతోంది. ఇక ఈ ఊళ్లో ఉండనంది. తెడ్డు పార్సిల్ చెయ్యమంది. ఇంకా నిలబడ్డావేం? పో!"

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌దాకా వానలో పరుగెత్తాను. ఆటోలవాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. ప్లాట్‌ఫాం మీద బండి నిలబడి ఉంది. ఏ బోగీయో తెలీదు. కిటికీలన్నీ వానకు మూసి ఉన్నాయి. బండి కూత వేసింది.

నేనూ వేశాను.

"వస్తన్నా...! నిలబడూ...!"

అచ్చం గొర్ల కూతే. కూలీలు తిరిగి చూశారు. సమోసాలతను బుట్ట దించాడు. సిగ్గు పడే తీరిక లేదు. మళ్లీ అరిచాను. మూడోసారికి గొంతు జీరబోయింది.

నాలుగు బోగీల అవతల తలుపులో ఆమె కనబడింది. ఉరికాను.

"తొమ్మిది రోజులు పట్టిందాండీ దాటడానికి?" అంది.

"తప్పయింది. ఆ రోజు భయపడ్డ. నువ్వంటే నాకు ఇష్టం జిప్పోరా. నువ్వు లేకపోతే నన్ను పిలిచేటోళ్లే లేరు. పోకు."

"టికెట్ ఉందండీ. అమ్మ ఎదురు చూస్తూ ఉంటుంది." కళ్లు తుడుచుకుంది. "రాజీనామా మెయిల్ ఇంకా పంపలేదులెండి."

బండి కదిలింది. నేను పక్కనే నడుస్తున్నాను.

"తెడ్డు?" అన్నాను.

"పార్సిల్ చెయ్యకండి. అక్కడే ఉండనివ్వండి. వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే దిగుతాను. ఈ రేవులో ఉంటారా?"

"ఉంట!"

బండి వేగం అందుకుంది. నేను ఆగిపోయాను. తలుపు చిన్నదవుతూ ఉండగా, వానలోంచి కేక వచ్చింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

గొంతులో ఉన్నదంతా పెట్టి బదులిచ్చాను. ఆమె మళ్లీ వేసింది, నేను మళ్లీ ఇచ్చాను. బండి వంపు తిరిగి కనబడకుండా పోయినా, వినబడుతున్నంతసేపూ ఇస్తూనే ఉన్నాను.

సమోసాలతను దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "బండి పాయె గదా తమ్మీ. ఇంకా ఎవరిని పిలుస్తున్నవ్?"

"పిలుస్తలేనన్నా," అన్నాను. "బదులిస్తున్న."