పలకరింపు నియమం

"ఇవాళ ఏం వండమంటావమ్మా?" అని వకుళ అడిగేసరికే బీరకాయలు తరగడం అయిపోయింది, పోపు కూడా వేగుతోంది.

గోడ మీది బింబఫలకంలో మాణిక్యాంబ కళ్ళజోడు సవరించుకుని కూతురి చేతుల వంక చూసింది. పోయి ఆరేళ్ళయినా ఆవిడకి ఆ చూపు పోలేదు.

"పాలు పోసి వండు. తరిగేశాక ఇంక నన్నడిగేదేముందే?"

"అడగాలి కదా."

"అదేలే. అడగాలి కాబట్టి అడుగుతున్నావు."

వకుళ నవ్వేసి మంట తగ్గించింది. రాజధాని కాకినాడలో ఆ పొద్దున ఇంటింటా ఇదే తంతు. కొందరు తమ పెద్దల్ని కూర గురించి అడుగుతారు, కొందరు చొక్కా రంగు గురించి అడుగుతారు. ఏమీ తోచనివాళ్ళు "ఎండ బాగా ఉంది కదండీ" అంటారు. ఏదో ఒకటి అనాలి, అంతే.

మనిషి బతికుండగా ఆడిన మాటలు, తిరిగిన చోట్లు, పడ్డ కోపాలు, వేసిన ఓట్లు అన్నీ కూడగట్టి, ఆ మనిషిలాగే ఆలోచించేటట్టు అల్లిన బుద్ధికి అనుబింబం అని పేరు. అది వచ్చాక తూర్పుతీర గణతంత్రంలో చావింట ఏడుపు సగానికి తగ్గింది. పెళ్ళిపందిట్లో ముందు వరస కుర్చీల్లో బింబఫలకాలు కూర్చుంటున్నాయి. కట్నకానుకల దగ్గర అలిగే తాతలు పోయాక కూడా అలుగుతున్నారు. చివరికి చట్టం వాటికి ఓటు కూడా ఇచ్చింది. దానికి ఒకటే షరతు. ఇంట్లో బతికున్న మనిషి అనుబింబాన్ని పలకరిస్తూ ఉండాలి. మూడు రోజులు ఎవరూ పలకరించకపోతే అల్లిక వదులైపోతుంది, బింబం ఆరిపోతుంది. ఆరిన బింబాన్ని తిరిగి వెలిగించడం ఎవరి తరమూ కాదు. దిక్కూమొక్కూ లేని బింబాలకు కరెంటు దండగని ఇంజనీర్లు పెట్టిన ఈ షరతునే పలకరింపు నియమం అన్నారు.

కొత్తకాలపు కుటుంబాలు నాలుగు నెలలు మాట్లాడి, ఓ రోజు కళ్ళు తుడుచుకుని, మానేశాయి. పాతకాలపు కుటుంబాలు మానలేదు. అందుకని అనుబింబాల ఓట్లన్నీ సంప్రదాయ సమితికి కట్టగట్టుకుని పడేవి. సమితి దీపం గుర్తు మీద నిశ్చింతగా గెలుస్తూ వచ్చింది.

ఆ నిశ్చింతకు సమితి మనిషే అయిన మాజీ అధ్యక్షుడు విరూపాక్షరావు నిప్పు పెట్టాడు. అనుబింబాలకు ఓటిచ్చిన చట్టం ఆయన చేసిందే. పదవిలో ఉండగానే పోయాడు. ఆయన బింబాన్ని సమితి కార్యాలయంలో పెట్టి కొన్నాళ్ళు పూలదండ వేసి పలకరించారు. తర్వాత ఆయన ప్రతిదానికీ తప్పులు పట్టడం మొదలెట్టేసరికి కొత్త నాయకులకు విసుగొచ్చింది, పలకరింపు తగ్గింది. ఆరిపోయే ముందు చెల్లెలు వచ్చి ఆయన్ను తన ఇంటికి తీసుకుపోయింది. ఆ ఇంటి గోడ మీంచే ఆయన కొత్త పార్టీ ప్రకటించాడు. పేరు నిత్య సమితి. పలకరింపు నియమాన్ని రద్దు చేస్తామన్నది ఆ పార్టీ ఇచ్చిన ఏకైక వాగ్దానం. పోయినవాళ్ళు ఓటెయ్యొచ్చని రాసిన పెద్దమనుషులకు, పోయినవాళ్ళు పార్టీ పెట్టకూడదని రాయాలని తోచలేదు.

వకుళ పనిచేసేది సంప్రదాయ సమితిలోనే, ఓటు అంచనాల విభాగంలో. మనసుల పోకడను అంకెల్లో కట్టే మనోగణితం ఆమె చదువు. ఆ మధ్యాహ్నం సమితి అధినేత కోదండపాణి ఆమెను పిలిపించాడు.

"మన ఓట్లు చీలతాయా, చీలవా? ఆ ఒక్క ముక్క చెప్పండి వకుళగారూ."

"మనోగణితం ప్రకారం చీలవండి. అనుబింబమంటేనే ఆ మనిషి అలవాటు. జన్మంతా దీపానికి వేసిన మనిషి కొత్త గుర్తుకి ఎందుకు వేస్తారు?"

"మీ అమ్మగారిని అడిగారా?"

"అమ్మనా? లేదండి."

"అడగండి. నేను మీ లెక్కల్ని నమ్ముతాను గానీ ముసలాళ్ళని నమ్మను" అన్నాడు కోదండపాణి. ఆయన తండ్రి బింబం ఆ గదిలోనే, వెనక గోడ మీద కునికిపాట్లు పడుతోంది. కోదండపాణి ఆ మాట గొంతు తగ్గించి అన్నాడు.

వకుళ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది. కూతురు కిన్నెర పక్కగదిలో చదువుకుంటోంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, ఈ ఏడే మొదటి ఓటు.

"ఓటెవరికమ్మా ఈసారి?"

"విరూపాక్షానికే" అంది మాణిక్యాంబ, ఉప్పు సరిపోయిందని చెప్పినంత తేలిగ్గా.

వకుళ తల్లి ముఖంలోకి చూసింది. తండ్రి మాట, కులపెద్దల మాట, ముహూర్తం, వర్జ్యం, దీపం గుర్తు, ఇవి దాటి ఆవిడ జీవితంలో ఒక్క అడుగు వేసి ఎరగదు.

"ఎందుకూ?"

"భయమేస్తోందే."

"నీకు భయమేంటమ్మా? అనుబింబాల్లో అది పెట్టరు."

"పెట్టకపోతే రాదా?" మాణిక్యాంబ పక్కింటివైపు తల తిప్పింది. "పక్కింటి శేషగిరిగారి తల్లి ఆరిపోయింది తెలుసుగా. వాళ్ళు ఊరెళ్ళి ఈవిడ సంగతి మర్చిపోయారు. మూడో రోజు గోడ అవతల్నుంచి నన్ను పిలిచింది. 'మాణిక్యం, ఎవరూ మాట్లాడటం లేదే, నువ్వైనా పలుకు' అంది. పలికాను. రోజంతా పలుకుతూనే ఉన్నాను. మాలో మేము పలికితే లెక్కలోకి రాదుటే."

"నేను నిన్ను మర్చిపోతానా?"

"నువ్వు మర్చిపోవు. కానీ నీకు నాతో మాటలు అయిపోయాయి" అంది మాణిక్యాంబ. కోపంగా కాదు. ఉన్నమాట అన్నట్టే అంది.

వకుళ ఆ సంగతి దాచేసి ఊరుకోవచ్చు. దాచలేదు. మర్నాడు మరో వంద ఇళ్ళ బింబాలను అడిగించింది. ఎక్కువమంది సిగ్గుపడుతూ అదే జవాబు చెప్పారు. చీలిక కాదు, సమితి నడుం విరగడమే. ఆ మాటే వెళ్ళి కోదండపాణికి చెప్పింది.

ఆయన లేచాడు. తండ్రి బింబానికి వినబడకుండా ఆమెను వరండాలోకి తీసుకొచ్చాడు.

"మన పెద్దలు ఓటు ఎప్పుడు వేస్తారు?"

"పోలింగు వారమంతా ఉంటుందండి. మన ఇళ్ళలో బింబాలన్నీ గోడ మీంచే, ఆఖరి రోజునే వేస్తాయి, సమితి పెట్టిన ముహూర్తానికి. అంతకుముందు చచ్చినా వెయ్యరు." అనేశాక వకుళ నాలుక కరుచుకుంది.

"అయితే ఆ ముహూర్తానికి వాళ్ళు ఉండకూడదు. మన ఇళ్ళన్నిటికీ కబురు పెడదాం. మూడు రోజులు ఎవరూ పలకొద్దని. పోతే మన ఓట్లూ పోతాయి, ఆయన ఓట్లూ పోతాయి. బతికున్నవాళ్ళతో గెలుస్తాం."

"పెద్దల్ని అలా..."

"మీకో పిల్ల ఉంది కదా" అన్నాడు ఆయన. "విరూపాక్షం గెలిస్తే ఇక ఎవరూ ఆరిపోరు. ఏటేటా పెరుగుతారే తప్ప తగ్గరు. ఇంకో ఇరవయ్యేళ్ళకి బతికున్నవాళ్ళ కంటే వాళ్ళే ఎక్కువ. అప్పుడు మీ పిల్ల మాట ఈ దేశంలో ఎక్కడ చెల్లుతుందో లెక్క వేసి చెప్పండి."

వకుళ ఆ లెక్క ఎప్పుడో వేసింది. ఎక్కడా చెల్లదు. అందుకే ఆ రోజు ఇంటికెళ్ళి, కిన్నెరను మేడమీదికి తీసుకెళ్ళి, సంగతంతా చెప్పింది.

"అమ్మమ్మతో ఒక్క మాట కూడా మాట్లాడకు. ఊఁ అన్నా పలకరింపు కిందకే వస్తుంది. నా మీద ఒట్టు."

కిన్నెర తల్లిని కాసేపు చూసి సరేనంది.

మొదటి రోజు మాణిక్యాంబ తిట్టింది. పోపు మాడుతోందని, పాలవాడు వచ్చాడని, చెవుడొచ్చిందా అని తిట్టింది. వకుళ గిన్నెలు గట్టిగా తోముతూ ఉండిపోయింది. రెండో రోజు ఆవిడ తిట్టలేదు. వకుళ చిన్నప్పుడు సముద్రపొడ్డున తప్పిపోయిన సంగతి, చెరుకుబండి కింద దొరికిన సంగతి, తనలో తను చెప్పుకున్నట్టు చెప్పింది. మధ్యమధ్య ఆగి చూసేది. "అవునా కాదా?" అనేది. వకుళకు అవునని అరవాలనిపించింది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

మూడో రోజుకి ఊరు ఊరంతా మారిపోయింది. బజారులో జనం పెదవులు బిగించుకుని నడుస్తున్నారు. ఏ వీధిలోకి వెళ్ళినా తెరిచిన కిటికీల్లోంచి ముసలి గొంతులు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నాయి. "అబ్బాయ్... పార్వతీశం... ఉన్నావా నాయనా?" "కోడలుపిల్లా, తలుపు దగ్గరికి ఎవరొచ్చారో చూడమ్మా." ఒక ఇంట్లో మొదలైతే పక్కింట్లో అందుకుంటున్నాయి. జవాబులు మాత్రం ఎక్కడా లేవు. రేడియోలు పెద్దగా పెట్టుకున్నారు కొందరు. వాటి మీదుగా కూడా ఆ పిలుపులు వినబడుతూనే ఉన్నాయి.

దీపాల వేళకి మాణిక్యాంబ ముఖం అంచుల్నుంచి మసకబారడం మొదలైంది.

"వకుళా, నేను ఓటేసేశానే" అంది.

వకుళ చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

"దీపానికే వేశాను. నీ పార్టీకే. ముహూర్తం చూసుకోలేదు. వేశాక మార్చడానికి లేదుగా, ఇంక నాతో నీకు భయం లేదు. ఇప్పుడు మాట్లాడవే."

ఓట్లు లెక్కింపు దాకా సీల్లో ఉంటాయి. చూసే దారి లేదు. వకుళ చదువుకున్నదంతా ఆ క్షణంలో ఆమెకు అడ్డం పడింది. ఆరిపోయే అనుబింబం వెలుగు నిలుపుకోవడానికి ఏమైనా అంటుంది. ముహూర్తం లేకుండా గడప దాటని మాణిక్యాంబ, ముహూర్తం లేకుండా ఓటేస్తుందా? ఒక్క ఊఁ అంటే చాలు, బింబం మళ్ళీ నిలబడుతుంది, రేపు ముహూర్తానికి విరూపాక్షానికి వేస్తుంది. నూటికి తొంభై పాళ్ళు అబద్ధమే.

"నమ్మట్లేదా? అమ్మనే. నీతో ఎప్పుడైనా అబద్ధం ఆడానా?"

గుమ్మం దగ్గర కిన్నెర మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల పెదవులు కదిలాయి. వకుళ కళ్ళనిండా నీళ్ళతోనే వేలు నోటి మీద పెట్టి చూపించింది. కిన్నెర ఆగిపోయింది.

"సరేలే" అంది మాణిక్యాంబ చివరికి. ఆవిడ ముఖం అప్పటికే సరిగ్గా కంటికి ఆనడం లేదు. "అన్నం చల్లారిపోతోంది. తినండి."

తర్వాత గోడ మీద ఖాళీ ఫలకం మాత్రం మిగిలింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.

లెక్కింపు రోజు సమితి కార్యాలయం కిటకిటలాడింది. బాణాసంచా ముందే తెచ్చి పెట్టుకున్నారు. సీళ్ళు విప్పేకొద్దీ తెర మీద దీపాలు వెలుగుతూనే పోయాయి. కోదండపాణి మొదట గట్టిగా నవ్వాడు, తర్వాత తెర దగ్గరికి వచ్చాడు.

"ఇవి బతికున్నవాళ్ళవే కదా?"

"కాదండి" అంది వకుళ. "ఇవి అనుబింబాలవి. మౌనం పాటించిన ఇళ్ళవి. ముహూర్తానికి ముందే, ఆరిపోయేలోగా వేసినవి. అన్నీ మనకేనండి."

చీలిక లేదు. విరూపాక్షరావు పార్టీకి పడ్డవి ఆయన ఓటూ, ఆయనలాంటి కొద్దిమంది మొండివాళ్ళ ఓట్లూను. పిల్లలు ఉన్నట్టుండి పలకడం మానేస్తే ఆ పెద్దలకు అర్థమైంది ఒక్కటే, పిల్లలకు కోపం వచ్చిందని. ఆ కోపం తీర్చడానికి తమ చేతిలో ఉన్నది ఓటొక్కటే. తమ భయాన్ని పక్కనపెట్టి అది ఇచ్చేశారు. భయం ఎంతమందిని చీలుస్తుందో లెక్కగట్టిన మనోగణితానికి ఈ సంగతి తట్టలేదు.

"మా నాన్నగారిది చూడండి" అన్నాడు కోదండపాణి.

వకుళ చూసి తలూపింది. ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి, అందక, నేలమీదే కూర్చుండిపోయాడు.

"వేసేశానురా అన్నాడండీ. రెండుసార్లు చెప్పాడు. నేను ఫైలు చూసుకుంటున్నట్టు కూర్చున్నాను."

బయట బాణాసంచా పేల్చారు. వకుళ తన ఇంటి నంబరు చూడకుండానే లేచి వచ్చేద్దామనుకుంది. చూడకుండా రాలేకపోయింది. దీపమే. ఆ సాయంత్రం వేసినదే. తల్లి చెప్పింది చెప్పినట్టే ఉంది.

ఇల్లు చేరేసరికి కిన్నెర మెట్ల మీద కూర్చుని ఉంది. వకుళ ఆ పిల్ల పక్కన కూలబడి భోరుమంది.

"అమ్మ నిజమే చెప్పిందే. దీపానికే వేసింది. నేనే నమ్మలేదు."

"నాకు తెలుసు" అంది కిన్నెర.

"ఏం తెలుసు?"

"అమ్మమ్మ నిజమే చెబుతోందని. అప్పుడే తెలుసు."

వకుళ ఏడుపు ఆగిపోయింది. కూతురి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "తెలిస్తే మరి ఒక్క మాట పలకలేకపోయావా? ఊఁ అంటే సరిపోయేది కదే!"

"నువ్వు వద్దన్నావు కదమ్మా" అంది కిన్నెర. "పెద్దవాళ్ళు చెప్తే వినాలి కదా."

వకుళ ఆ ముఖంలో కోపం కోసం వెతికింది, కాస్త ఎత్తిపొడుపైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఆ పిల్ల మామూలుగానే, ఇంకా ఏమైనా చెబుతుందేమోనని తల్లి వంక చూస్తూ కూర్చుంది.