బామ్మర్ది పట్టిన తాడు

అసలు వీడి చేతికి తన ప్రాణం ఎందుకివ్వాలి? నార తాడు మీద కొండ అంచు నుంచి దిగుతూ ఈదన్న పళ్లు కొరికాడు. తేనెకు దిగే చెంచువాడి తాడు పెళ్లాం తమ్ముడే పట్టాలి. అక్క తాళి తెగనివ్వడని నమ్మకం. ఆ తమ్ముడే, బయ్యన్నే, నిధిదారి గీసిన రాగిరేకుతో వచ్చిన పట్నం నాగభూషణానికి ఈ కొండను చూపించాడు. గూడెమంతా బతికే కొండను! ప్రతి తేనెపట్టులోనూ కొంత ఈగలకే వదిలి, తాతలనాటి నుంచి కాపాడుకొచ్చిన కొండను! రేకుల ఇళ్లు కట్టిస్తానని నాగభూషణం అన్న ఒక్క మాటకు పడిపోయాడు. నిధిపెట్టె దొరక్కపోతే కొండను పేల్చి వెతుకుతానని నాగభూషణం మందుగుండు సంచి చూపించాడు. ఈదన్నకు దిగక తప్పలేదు.

ఈగలను తోలే పొగకట్ట ఆడిస్తూ, వేలాడే పట్టుల మధ్య నుంచి అంచు కింది గుహలోకి దూకాడు. గబ్బిలాలు ముఖానికి కొట్టుకుంటూ లేచాయి. లోపలికి పాకితే బండసందులో కంచుపెట్టె. మూత లేపాడు. బంగారం. చూడగానే ఒళ్లు మండింది. ఇది పైకి పోతే రేపు వందమంది వస్తారు, ప్రతి బండా పగులుతుంది. దొరకలేదని చెబితే ఇవాళే పేలుస్తాడు.

పైనుంచి నాగభూషణం తొందరపెడుతూ రాయి విసిరాడు. అది పెద్దపట్టుకు తగిలింది. ఈగలు నల్లటి మబ్బులా పైకి లేచాయి.

"వదిలెయ్యరా తాడు! పరుగెత్తు!" నాగభూషణం కేక దూరమైపోయింది.

బయ్యన్న ఇక వదిలేస్తాడు. వీడి చోట తానుంటే? ఆ ఆలోచనకే ఈదన్నకు మరింత కోపం వచ్చింది. తాడు ఒకసారి లాగాడు. పైనుంచి ఎవరో తిరిగి లాగారు. కాసేపాగి మళ్లీ లాగాడు. మళ్లీ జవాబొచ్చింది, బలహీనంగా.

పెట్టెను కాలితో బండసందు లోతుకు తోసేశాడు. ఈగల రొద సద్దుమణిగాక ఎక్కడం మొదలుపెట్టాడు.

"రా బావా," పైన గొంతు బొంగురుగా వినిపించింది. "నేనుండాను."

బయ్యన్న ముఖం గుర్తుపట్టేలా లేదు. ఈగలు కుట్టి కళ్లు వాచి పూడిపోయాయి. చీరుకుపోయిన అరచేతుల్లో తాడు అలాగే ఉంది.

నాగభూషణం వదిలి పారిపోయిన మందుగుండు సంచినీ రాగిరేకునూ ఈదన్న లోయమడుగులోకి తన్నాడు.

"మళ్లొస్తే?" అన్నాడు బయ్యన్న.

"రానీ. ఈసారి గూడెమంతా ఉంటాం. నువ్వు చేసింది మాత్రం మరిచిపోనురా."

బయ్యన్న తల దించుకున్నాడు. ఈదన్న కోపంగానే ఆ గడ్డం పట్టి పైకెత్తి, కనురెప్ప మీది ఈగముల్లును గోటితో మెల్లగా గీకి తీశాడు.