పుంటికూర మడిలో తెల్లనీళ్ళు

పెరట్లోని పుంటికూర మడిలో బకెట్ వంచగానే నూరైన్‌కు ఏదో తేడాగా అనిపించింది. ఏసీ నుంచి కారిన నీళ్ళు తేటగా ఉండాలి. ఇవి పాలలా తెల్లగా ఉన్నాయి. ఘాటు వాసన గుప్పుమంది.

ఫినాయిల్!

అమ్మీ ఇల్లు తుడిచి పక్కన పెట్టిన నీళ్ళవి. రెండు బకెట్లూ నీలం రంగువే. ట్యాబ్‌లో గేమ్ మధ్యలో ఆపి, పరుగున వచ్చి, చేతికి దొరికింది ఎత్తేసింది నూరైన్.

శుక్రవారం మధ్యాహ్నం. అబ్బా నమాజుకు వెళ్ళాడు. అమ్మీ స్నానం చేస్తోంది. ఎవరూ చూడలేదు.

నూరైన్ గబగబా మంచి నీళ్ళు తెచ్చి పైన పోసింది. మడి మీద కప్పిన ఖర్జూర మట్టల్లో తడిసినవి తిరగేసి, ఎండువి పైకి పెట్టింది.

ఎడారి ఊరు అల్ వుకైర్‌లో ఈ ఇంటికి వచ్చినప్పుడు పెరడంతా ఇసుక, సిమెంటు పెళ్ళలు. అక్కడ ఏమీ మొలవదన్నారు అందరూ. అమ్మీ వినలేదు. కూరగాయల తొక్కలు, టీ పొడి వేసింది. "మట్టిని ఉత్తగ ఎండకు వదలొద్దు" అంటూ పైన ఖర్జూర మట్టలు కప్పింది. నర్సరీ నుంచి గుప్పెడు వానపాములు తెచ్చి వదిలింది. రెండేళ్ళకు ఆ ఇసుక నల్లగా, మెత్తగా మారింది. ఇప్పుడు అందులో పుంటికూర నూరైన్ నడుము దాకా పెరిగింది. కొందరు దాన్నే గోంగూర అంటారు.

"నీళ్ళు పోసినవా బేటా?" అమ్మీ లోపలి నుంచి అడిగింది.

"పోసిన అమ్మీ."

అబద్ధం కాదు. కానీ ఏ నీళ్ళో చెప్పలేదు.

మర్నాడు పొద్దున మట్టల మీద వానపాములు కనిపించాయి. కదలడం లేదు. నూరైన్ వాటిని పుల్లతో తీసి గోడ పక్కన పాతిపెట్టింది. అంతలో అమ్మీ వచ్చింది.

"ఏందో వాసన వస్తుంది కదా?"

"బాత్రూం నుంచి కావచ్చు."

ఈసారి నిజంగానే అబద్ధం. ఆ రోజు నూరైన్‌కు అన్నం సయించలేదు. మొక్కలు బాగానే ఉన్నాయి కదా, ఏం కాదులే అనుకుంది. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. అనుకోవడం, చూడడం. సాయంత్రం దాకా అదే పని.

ఆదివారం స్కూల్ బస్సు దిగి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. పుంటికూర లేదు! మోళ్ళు మాత్రమే ఉన్నాయి.

"అమ్మీ! కూర ఏది?"

"ఆకు వాడుతుంటే ఎండకేమో అని కోసేసిన. పుష్ప ఆంటీకి ఇచ్చిన. పాపం, కడుపుతో ఉన్నది, పులుపు తినబుద్ధి అయితుందట."

నూరైన్ బ్యాగ్ కింద పడేసింది. చెప్పులు కూడా వేసుకోలేదు. పక్క గేటు దాకా కాలుతున్న నేల మీదే పరుగెత్తింది. తినేసిందేమో. కడుపులోని పాపకు ఏమన్నా అవుతుందేమో. బెల్ నొక్కింది. ఎవరూ రాలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కింది.

తలుపు తీసిన పుష్ప ఆంటీ చేతిలో గరిటె ఉంది. లోపలి నుంచి పోపు వాసన వస్తోంది.

"ఆంటీ, తినొద్దు! పుంటికూర తినొద్దు!"

"ఏమైంది బిడ్డా? ఎందుకు ఏడుస్తున్నవ్?"

"మడిలో ఫినాయిల్ నీళ్ళు పోసిన. నేనే పోసిన. ఎవ్వరికీ చెప్పలే. మీరు తిన్నరా?"

పుష్ప ఆంటీ ముఖం ఒక్కసారి పాలిపోయింది. గరిటె వంక చూసుకుంది.

"లేదు. పప్పు ఇప్పుడే దించిన. ఇంకా నోట్లో పెట్టలే."

ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నె మొత్తం చెత్త సంచిలో ఒంపేసింది. కుర్చీలో కూలబడి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"మీ అమ్మీకి తెలుసా?"

నూరైన్ తల అడ్డంగా ఊపింది.

"నేను రానా నీతోని?"

"వద్దు ఆంటీ. నేనే చెప్త."

అమ్మీ అంతా విన్నది. కేకలేయలేదు. పెరట్లోకి వెళ్ళి మట్టలు ఎత్తి చూసింది. గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేను నిన్ననే అడిగిన కదా నూరైన్. శుక్రవారమే చెప్తే గంపెడు మట్టి తీసేస్తే అయిపోతుండె. ఇప్పుడు కిందిదాక దిగింది."

నూరైన్ పార తెచ్చి అమ్మీ చేతికిచ్చింది. ఇంకో చిన్న తట్ట తను పట్టుకుంది.

డ్యూటీ నుంచి వచ్చాక అబ్బా కూడా చెయ్యేశాడు. చెడిన మట్టినంతా సంచుల్లోకి ఎత్తారు. ఎర్రబడిన అరచేతులను నూరైన్ ఎవరికీ చూపించలేదు.

అమ్మీ మిగిలిన గుంతలో తొక్కల ఎరువు నింపి, పెసలు చల్లింది.

"ఇవి తినడానికా?" నూరైన్ అడిగింది.

"కాదు. ఈసారి ఇందుల పండింది మనం తినొద్దు. ఇవి పెరిగినంక కోసి మట్టి మీదనే పరుస్తం. మట్టికి బలం రావాలె కదా."

వానపాములు మళ్ళీ వస్తాయా? అమ్మీ "చూడాలె" అంది. అంతే.

పెసలు మొలకెత్తాక ఒక సాయంత్రం నూరైన్ ఒక్కతే షటిల్ ఆడుతోంది. కాక్ మడిలో పడింది. తీద్దామని అడుగేసింది. కాలి కింద ఏదో మెత్తగా నలిగింది. వరసలో కొన్ని మొలకలు నేలకు అంటుకుపోయాయి.

ఆమె చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పక్కనే ఎండు మట్టలున్నాయి. లాగితే చాలు, ఏమీ కనిపించదు.

నూరైన్ కాక్ అక్కడే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మీ, నేను మొలకలు తొక్కిన. ఇప్పుడే. జల్ది రా, చూద్దువు."

అమ్మీ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుంటూ ఆమె వెంట బయలుదేరింది.