గట్టి ఇసుక

బ్రేకు పడింది!

పెట్టెలో సూర్యకళ తల ఠక్కున చెక్కకి కొట్టుకుంది. అరుపుని గొంతులోనే నొక్కేసింది.

ఇంజన్ ఆగింది. చుట్టూ చీకటి. దగ్గర్లో ఏదో హోరు… ఆగడం లేదు… తగ్గడం లేదు…

సముద్రం!

ముప్పై నాలుగేళ్లుగా ఉప్పల్ దాటి పెద్దగా ఎక్కడికీ పోని మనిషి. సముద్రం చప్పుడు ఇంత దగ్గరగా వినడం ఇదే మొదలు. అదీ ఇలా, వ్యాన్‌లో సీటు కింద పెట్టెలో ముడుచుకుని!

పైన అడుగులు. దబ్బున ఎవరో కూర్చున్నారు. సీటు కిర్రుమంది.

ఆమె ముఖానికి జానెడు పైన… వాడు!

గంగాధరరావు. నాచారంలో పైపుల ఫ్యాక్టరీ ఓనరు. చలికాలం రాగానే ఇల్లులాంటి ఈ వ్యాన్ వేసుకుని కోస్తా అంతా తిరుగుతాడు. మంచం, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, వేట తుపాకీ… సర్వం ఇందులోనే. ఒడ్డున చిన్న చిన్న ఊళ్లు. ఊరికో రాత్రి. తెల్లారేసరికి బండి ఉండదు. ఆ ఊరి పాత గుళ్లో విగ్రహమూ ఉండదు!

పోయిన ఏడు, తొంభై మూడు డిసెంబర్‌లో, ఈ తాటిరేవులోనే ఆగారు. అప్పుడు డ్రైవర్ పాండురంగ. సూర్యకళ తమ్ముడు.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, వీళ్లు దేవుళ్లను ఎత్కపోతున్నరే! పొద్దుగాల స్టేషన్ల చెప్తా."

ఆ పొద్దు అతనికి రానేలేదు. ఉప్పల్‌కి శవం వచ్చింది. తాగి సముద్రంలో దిగాడట… మునిగిపోయాడట!

చుక్క ముట్టనివాడు. రామంతాపూర్ చెరువులో కాలు పెట్టమంటేనే వణికేవాడు!

ఏడాదిగా ఆమెకి కంటి మీద కునుకు లేదు. మల్లాపూర్‌లో బస్సుల బాడీ కట్టే షెడ్డులో సీట్లకి రెక్సిన్ కుట్టడం ఆమె పని. కుట్టు కుట్టుకీ గంగాధరరావు పేరే తలుచుకుంది. ఆ వ్యాన్ కొత్త సీట్ల కోసం తన షెడ్డుకే వచ్చింది! పెట్టె పక్కన గాలికి సందు వదిలి మరీ రెక్సిన్ బిగించింది.

సాయపడింది ఉమామహేశ్వర్. ఇప్పటి డ్రైవర్.

"నేను మొన్న దసరాకు చేరిన అక్కా. ఆ ఊరి మొహం గూడ సూడలే. గాని పాండు నా దోస్తు. నీ పగ నా పగ!"

మూడు రోజులు. మూడు ఊళ్లు. పగలంతా పెట్టె, రాత్రి దొంగచాటుగా పది నిమిషాల గాలి. నిన్నటి ఊళ్లో ఉమ గోనెసంచిలో చుట్టిన విగ్రహాన్ని తెచ్చి ఆమె పక్కనే తోశాడు. అది పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.

గుచ్చుకోనీ… ఈ ఒక్క రాత్రే!

"ఏరా ఉమా, నీళ్లకి మరీ దగ్గరగా ఆపావేంటి?" పైనుంచి గంగాధరరావు గొంతు.

"పైన మెత్తటి ఇసుక సార్, టైర్లు దిగబడ్తయి. ఇదైతే గట్టిగ, సిమెంట్ రోడ్డు లెక్కుంది."

"సర్లే. గ్లాసు అందుకో."

ఇవాళ అమావాస్య. ఎనిమిది దాటితే పోటెక్కి నీళ్లు కిటికీల దాకా వస్తాయని ఉమ చెప్పాడు. వ్యాన్‌కి వెనక ఒక్కటే తలుపు. క్యాబిన్‌కి అడ్డుగోడ. కిటికీలకి ఇనుప ఊచలు. బయట గడియ వేసి తాళం పెడితే చాలు.

నా తమ్ముడు నీళ్లల్ల పోయిండన్నవ్ కదా… నువ్వూ నీళ్లల్లనే పో!

అరగంట. గంట. గ్లాసు దొర్లిన చప్పుడు. మంచం మీద నుంచి గురక…

మూత లేచింది!

"రా అక్కా… జల్ది!"

కాళ్లు తిమ్మిరెక్కి కదలడం లేదు. అయినా పాకింది. దిగింది. చల్లటి నీళ్లు మడమలకి తగిలాయి. ఉమ గోనెసంచి భుజాన వేసుకుని దిగాడు.

"అదెందుకు?"

"దేవుణ్ణి ముంచుతమా అక్కా?"

నిజమే అనిపించింది. తలుపు మూసింది. గడియ… తాళం… ఠక్!

అంతే. అయిపోయింది! ఏడాదిగా గుండెల మీద ఉన్న బండరాయి దిగినట్టయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఎవరది?"

ఇద్దరూ గతుక్కుమన్నారు. పడవల వైపు నుంచి లాంతరు పట్టుకుని ఒక ముసలామె. లాంతరు ఎత్తింది. వెలుగు ఉమ ముఖం మీద పడింది.

"ఓరి బాబూ, నువ్వా! మళ్లీ గట్టి ఇసక మీదే బండి పెట్టారా? అమాస పోటుకి ఇది నిలవదని పోయినేడు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానే!"

సూర్యకళ నవ్వు ఆగిపోయింది.

పోయినేడు?

"ఎవర్నో సూసి నేననుకుంటున్నవ్ పెద్దమ్మా…" ఉమ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"అనుకోడమేంటి? ఆ కుర్రాణ్ణి ఒడ్డుకి ఈడ్చుకొచ్చింది నువ్వు గాదూ! మోకాల్లోతు నీళ్లలో మనిషి ఎట్టా మునిగాడయ్యా అంటే నన్ను కసురుకున్నావు గదా!"

సూర్యకళ ఉమ వైపు తిరిగింది. మొహం కూడా చూడని ఊరు… మరి గట్టి ఇసుక ఎక్కడుందో, నీళ్లు ఎప్పుడొస్తాయో వీడికెలా తెలుసు?

దబదబ! లోపలి నుంచి తలుపు మీద గుద్దులు.

"ఒరేయ్ ఉమా! విగ్రహం ఎత్తుకుపోతున్నావా! పాండుగాణ్ణి ముంచమంటే ముంచావు, నన్నూ ముంచుతావట్రా!"

ఇంక అనుమానం లేదు. చెప్పింది లోపలివాడు. చేసింది ఈ దోస్తు!

"గా చేతులతోనా ఉమా?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "గా చేతులతోనే నా తమ్ముణ్ణి పట్టి ముంచినవా?"

ఉమ గోనెసంచిని నీళ్లలో పడేశాడు. నడుము దగ్గర్నుంచి జాకీ రాడ్ తీశాడు.

"ఏం జెయ్యాలక్కా? సేటు చెప్పిండు, జేసిన. ఇగ ఎన్నాళ్లు ఆయనకు చాకిరీ? దేవుడు నాకు, పగ నీకు. పోలీసులు గూడ గట్లనే రాసుకుంటరు. అక్క సేటును ముంచింది… తానూ మునిగింది!"

ముసలామె కెవ్వుమంది.

"ఆగవే ముసల్దానా, నీ సంగతి గూడ సూస్త!"

మోకాళ్లదాకా నీళ్లు. చక్రాల కింద ఇసుక కొట్టుకుపోతోంది. వ్యాన్ ఒక పక్కకి ఒరిగింది. సూర్యకళ వీపు తలుపుకి ఆనింది. ఇంక వెనక్కి చోటు లేదు. ఉమ అడుగు వేశాడు… ఇంకో అడుగు…

లోపలి నుంచి అరుపు.

"తలుపు తియ్ రా ఉమా! తుపాకీ నింపాను! కనబడ్డావంటే గుండె పేల్చేస్తా!"

తాళం చెవి ఆమె పిడికిలిలోనే ఉంది.

ఉమ రాడ్ ఎత్తాడు.

ఆమె గిర్రున తిరిగింది. తాళం అందుకుంది. చెవి దూరింది… తిరిగింది! గడియ లాగి, తలుపుతో పాటే పక్కకి దూకింది!

"అక్కా, వద్…"

ఢాం!

ఉమ వెల్లకిలా పడ్డాడు. అల వచ్చి మీద నుంచి పోయింది. మళ్లీ లేవలేదు.

ఆమె భుజం పెట్టి తలుపుని తోసింది. గడియ! తాళం!

"ఎవరది?" లోపల గంగాధరరావు గొంతు చీరుకుపోయింది. "బయట ఎవరు?"

"పాండురంగ అక్కను సార్. ఉప్పల్ నుంచి వచ్చిన."

లోపల గుద్దులు… బతిమాలడం… మళ్లీ గుద్దులు.

"అమ్మా, నీళ్లొచ్చేస్తున్నాయ్!" ముసలామె వ్యాన్ వైపు చెయ్యి చూపింది. "లోపల మనిషున్నాడే!"

"ఎర్కే పెద్దమ్మా."

సూర్యకళ ఆమె చెయ్యి పట్టుకుని ఒడ్డు వైపు నడిచింది.