నాన్న సీసా మీద నా పేరు

వన్‌టౌన్ మొత్తంలో భయమంటే తెలియని మగాణ్ణి నేనొక్కణ్ణే. డెబ్భై ఆరు జూన్‌లో ఒక గురువారం పొద్దున పదకొండింటి దాకా ఇది పచ్చి నిజం. పదకొండూ ఐదుకి ఛాయాదేవి నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. కళ్ళు తిరిగి మా కొట్లో బెల్లం దిమ్మల మీద వాలిపోయాను.

"ఇంకా గాలే కొట్టలేదండీ," అంది.

ఉయ్యూరమ్మాయి, పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్. కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో లెక్క తీయడానికి మా వీధంతా తిరిగి బీపీలు చూస్తోంది, మూత్రం పరీక్షకి సీసాలు పంచుతోంది. నా బీపీ నూట అరవై తేలింది. ఆవిడ వేళ్ళు నా మణికట్టు మీద ఉంటే పాదరసం కొట్టు పైకప్పు పగలగొట్టుకుని పోకపోవడమే వింత.

మా నాన్న వెంకటసుబ్బారావు గారు చెయ్యి ఇవ్వలేదు. "నాకేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను. సీసా అయితే పంపిస్తాలే," అన్నారు.

మర్నాడు రెండు సీసాలూ నేనే మోసుకెళ్ళాను. నాన్నది పైనంతా నురుగు. నాది ఎవరికీ పనికిరానంత శుభ్రంగా ఉంది. ఏదో చిన్న లోపం ఉంటేనేగా ఆవిడ మళ్ళీ వచ్చేది? దారిలో పేర్ల చీటీలు మార్చేశాను.

వచ్చింది. వారంలో మూడుసార్లు.

"కృష్ణారావు గారూ, మీకు మూత్రంలో ఆల్బుమిన్, అంటే ఒంట్లో మాంసకృత్తు, పోతోంది, బీపీ కూడా ఉంది. పచ్చళ్ళు మానండి. సిగరెట్ ముట్టకండి."

"మానేస్తే రోజూ వచ్చి చూస్తారా?"

ఆవిడ నవ్వలేదు. "ఈ వీధిలో అరవై మందిని చూస్తే ఏడుగురికి తేలింది. ఒక్కరికీ నొప్పి లేదు, ఒక్కరికీ తెలీదు. కిడ్నీ పూర్తిగా పాడయ్యేదాకా చాలామంది బతకరండీ, ముందు గుండె ఆగిపోతుంది. మిమ్మల్ని చూస్తే భయమేస్తోంది."

నా కోసం ఒకమ్మాయి భయపడుతోంది. గాల్లో తేలుతూ ఇంటికెళ్ళాను.

నాన్న మేడ మెట్ల మధ్యలో కూర్చుని రొప్పుతున్నారు. పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు లోతుగా అచ్చు పడ్డాయి.

"ఏమీ లేదని డాక్టరమ్మ చీటీ రాసిచ్చిందిగా, ఉక్కకి ఆయాసం అంతే. అమ్మని కొత్తావకాయ తీయమనరా," అన్నారు.

ఆ ఆల్బుమిన్ నాన్నది. చెబితే ఆవిడ ఇక నా మొహం చూడదు. చెప్పకపోతే నాకు నాన్న ఉండరు. వానలో తడుస్తూ ఆసుపత్రికి పరిగెత్తాను.

నోరు విప్పేలోపే ఆవిడ ఇంకో సీసా చేతిలో పెట్టింది. నింపి తెచ్చిస్తే గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచింది. మంచినీళ్ళలా ఉండిపోయింది.

"ఆల్బుమిన్ ఉంటే తెల్లబడాలి. తెల్లబడలేదు," అంది.

"కృష్ణ నీళ్ళ మహిమండీ."

"ఆ మొదటి సీసా ఎవరిది?"

"మా నాన్నదండీ. చీటీలు నేనే మార్చాను. మీరు మళ్ళీ రావాలని."

ఆవిడ లేచి బీపీ పెట్టె అందుకుంది. "ఆయనకి ఆయాసం ఉందా? కాళ్ళ వాపు?"

"రెండూ ఉన్నాయండీ."

ఇద్దరం రిక్షా ఎక్కి ఇంటికి బయల్దేరాం. బీపీ పెట్టె తడవకుండా నా ఒళ్ళో పెట్టింది.

ఈసారి నాన్న మారు మాట్లాడకుండా చెయ్యి చాపారు. పాదరసం రెండొందలు దాటింది. ఆవిడ రెండుసార్లు చూసింది.

"ఇప్పుడే అడ్మిట్ చేద్దామండీ. ఇంకో వారం ఆగితే చెప్పలేకపోయేదాన్ని. ఇంకా టైముంది."

పట్టీ విప్పుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "మీ బీపీ కూడా దొంగదేనా?"

నాన్న వింటున్నారు. గుమ్మంలో అమ్మ కూడా వింటోంది.

"కాదండీ. అదొక్కటే నాది. మీరు చెయ్యి పట్టుకున్నప్పుడల్లా అంతే ఉంటుంది."